30 ఏళ్ళు జనాల బీపీలు రాసుకుంటా కూర్చునేది కూడా ఒక కెరీరేనా?

మొన్న ఒక అన్న మెసేజ్ పెట్టారు, మెసేజ్ అనేకన్నా ఉత్తరం అనాలి. వాళ్ళది మదనపల్లి సైడు, బెంగళూరొచ్చి 18 ఏళ్ళు, కె.ఆర్.పురంలో ఇల్లు. అమ్మాయి ఇక్కడే బీఎస్సీ ఫైనల్ ఇయర్, మ్యాథ్స్ స్టాట్స్ కంప్యూటర్స్. క్యాంపస్‌లో ఒక అనలిటిక్స్ కంపెనీ ఆఫర్ కూడా వచ్చేసింది. హమ్మయ్య అనుకునేలోపు దసరా సెలవుల్లో ఎవరో సీనియర్‌తో కలిసి శ్రీనివాసపుర పక్క పల్లెలకి పోయి, అక్కడ పెద్దవాళ్ళ ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి ఫాలో అవుతున్న స్టడీ ఒకటి చూసొచ్చి, ఇప్పుడు ఆ ఆఫర్ వద్దు, బయోస్టాటిస్టిక్సో (ఆరోగ్య డేటాకి లెక్కలు కట్టే చదువు) ఎపిడెమియాలజీనో (జనంలో జబ్బులు ఎవరికి ఎందుకు వస్తాయో చూసే చదువు) చదువుతా అంటోంది. ఆయన అడిగింది ఆయన మాటల్లోనే పెడతా: "30 ఏళ్ళు జనాల బీపీలు రాసుకుంటా కూర్చునేది కూడా ఒక కెరీరేనా? అటు డాక్టరూ కాదు ఇటు సాఫ్ట్‌వేరూ కాదు. ఇదంతా రేపు ఏఐ చేసేస్తుంది అంటున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఏం చేస్తుంది అంటే ఏం చెప్పాలి?"

అన్నా, సంబంధాల సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆ బీపీల సంగతి.

మీ పాప చూసొచ్చింది ఇక్కడ ఐఐఎస్సీ క్యాంపస్‌లో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్ళు కోలారు జిల్లాలో నడిపే స్టడీ అయ్యుంటుంది. 45 దాటిన పల్లె జనం 10,000 మందిని చేర్చుకుని, ఏటేటా పరీక్షలు చేస్తూ, మతిమరుపు జబ్బు ఎవరికొస్తుంది ఎవరికి రాదు, వచ్చేవాళ్ళలో అది రాకముందు ఏం మారుతుంది అని చూడాలన్నది వాళ్ళ ప్లాన్. ఇలా ఒక గుంపుని పట్టుకుని ఏళ్ళ తరబడి వదలకుండా వెంట నడిచేదాన్ని కోహార్ట్ స్టడీ అంటారు. హాస్పిటల్‌కి వచ్చేవాడు జబ్బు వచ్చాక వస్తాడు, డాక్టర్ చూసేది సినిమా క్లైమాక్స్ మాత్రమే. కోహార్ట్‌లో వాళ్ళు టైటిల్స్ నుంచి కూర్చుంటారు, అదీ తేడా.

దీనికి పెద్దన్న అమెరికాలో ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ అని ఒక ఊరు, 1948లో అక్కడ 30 నుంచి 62 ఏళ్ళ మధ్య వాళ్ళని 5,209 మందిని తీసుకుని రెండేళ్ళకోసారి పరీక్ష చేయడం మొదలుపెట్టారు. దానికి మూడేళ్ళ ముందే వాళ్ళ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ బ్రెయిన్ స్ట్రోక్‌తో పోయారు, ఆ రోజు ఆయన బీపీ 300 బై 190. అంత పెద్ద మనిషికే అలా అయిందంటే డాక్టర్లు నిద్రపోతున్నారా అని కాదు, వయసు పెరిగితే బీపీ పెరుగుతుంది అది మామూలే అని చాలామంది డాక్టర్లే నమ్మే కాలం అది. ఇవాళ మన ఇంటి ముందు క్లినిక్‌లో కుర్ర డాక్టర్ కూడా సిగరెట్ మానండి ఉప్పు తగ్గించండి కొలెస్టరాల్ చూపించుకోండి అని చెప్తున్నాడంటే దాని వెనక ఆ ఊరి జనం ఉన్నారు. రిస్క్ ఫ్యాక్టర్, అంటే జబ్బు వచ్చే అవకాశం పెంచేది, అనే మాట డాక్టర్ల నోట్లో నానింది కూడా 1961లో వాళ్ళు వేసిన పేపర్ తర్వాతే. 1971లో వాళ్ళ పిల్లల్ని చేర్చుకున్నారు, 2002లో మనవళ్ళని. మొదట్లో బీపీ రాసుకున్నవాళ్ళలో చాలామంది పోయారు, రాయించుకున్నవాళ్ళూ పోయారు, స్టడీ మాత్రం నడుస్తానే ఉంది.

అమెరికా కథలు నాకెందుకు అంటారు, తెలుసు. మన హైదరాబాద్ కథ చెప్తా, ఇది ఎందుకో మన తెలుగువాళ్ళకే ఎక్కువ తెలియదు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో ఒక పని జరిగింది. అందులో కొన్ని ఊళ్ళకి అంగన్‌వాడీ పౌష్టికాహారం స్కీమ్ ముందు వచ్చింది, గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఉప్మా లాంటిది పెట్టేవాళ్ళు, మిగతా ఊళ్ళకి అప్పటికి ఇంకా రాలేదు. మామూలుగా అయితే అక్కడితో ఫైలు మూసేస్తారు. కానీ 2003 తర్వాత కొంతమంది, జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కూడా అందులో ఉన్నారు, ఆ పాత రిజిస్టర్లు పట్టుకుని మళ్ళీ అదే ఊళ్ళకి పోయి ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్ళకి 13 నుంచి 18 ఏళ్ళు. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ ఆ తిండి అందిన ఊళ్ళ పిల్లలు మిగతా వాళ్ళకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. అది చిన్న విషయమే అనుకోండి, అసలు సంగతి ఏంటంటే వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ ఇంకొంచెం బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు ఇంకొంచెం మెత్తగా ఉన్నాయి. అంటే అమ్మ కడుపుతో ఉన్నప్పుడు తిన్న ఉప్మాకి ఆ పిల్లాడికి రేపు రాబోయే షుగరుకి లింకు ఉండొచ్చు అని 15 ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇది ఏ ల్యాబులో తేలుతుంది చెప్పండి, ఎలుకల మీద తేలుతుందా? దాన్ని ఇప్పుడు ఏపీక్యాప్స్ (ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ) అంటారు, గుంటూరు ఘాటు మిరపకాయలా ఉంటుంది పేరు కానీ చాలా మంచి స్టడీ.

చెన్నైలో కూడా ఉంది, షుగర్ డాక్టర్ మోహన్ గారి టీమ్ 2001లో సిటీలో 26,001 మందితో క్యూర్స్ అని మొదలుపెట్టారు. సుమారు 9 ఏళ్ళ తర్వాత మళ్ళీ దొరికినవాళ్ళని చూస్తే, మొదట్లో "బార్డర్‌లో ఉంది, భయం లేదు" అనిపించుకున్న ప్రీడయాబెటిస్ వాళ్ళలో సగానికి పైగా షుగర్ పేషెంట్లు అయిపోయారు. మనింట్లో ఈ బార్డర్ బాపతు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు నాకూ తెలుసు.

ఇప్పుడు ఈ రాతలు పనికొచ్చే ఇంకో చోటు, ప్రిసిషన్ మెడిసిన్. పేరు చూస్తే ఏదో రోబో సర్జరీలా ఉంటుంది కానీ విషయం మన అమ్మమ్మల మాటే, ఒకరి ఒంటికి పడింది ఇంకొకరికి పడదు. ఎవరికి ఎందుకు పడదో ముందే తెలుసుకుని మందు ఇవ్వడం, అంతే. మనవాళ్ళ ఉదాహరణే చెప్తా. ఆపరేషన్‌లో గొట్టం వేసేముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అని ఒక ఇంజెక్షన్ ఇస్తారు, అందరికీ కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని ఒంట్లో కరిగించే ఎంజైము కొందరికి పుట్టుకతోనే ఉండదు, వాళ్ళకి గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి కూడా మిషన్ మీదే. మన ఆర్యవైశ్యుల్లో ఈ లోపం మిగతా జనం కన్నా ఎక్కువగా కనపడుతుందని రీసెర్చ్‌లో తేలింది, తరాల తరబడి లోపల్లోపలే పెళ్ళిళ్ళు కాబట్టి. అందరికీ ఉంటుందని కాదు, భయపడక్కర్లేదు, కానీ ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు వాడతాడు, కథ ముగిసిపోతుంది. ఒక్క ముక్క తెలియడం వల్ల ఒక ప్రాణం.

ఇంకొకటి, నాకు బాగా ఇష్టమైన కథ. అమెరికాలో 1987లో ఏరిక్ అని ఒక కోహార్ట్ మొదలైంది. ఏళ్ళ తర్వాత, దాచిపెట్టుకున్న ఆ శాంపిల్స్‌లో పీసీఎస్‌కే9 అనే జీన్ చూశారు. అక్కడి నల్లవాళ్ళలో 2.6 శాతం మందికి ఆ జీన్ పుట్టుకతోనే సరిగ్గా పనిచేయట్లేదు. పనిచేయకపోతే నష్టం అనుకుంటాం కదా, వాళ్ళకి చెడు కొలెస్టరాల్ 28 శాతం తక్కువ, 15 ఏళ్ళు చూస్తే గుండె జబ్బు ఏకంగా 88 శాతం తక్కువ. 2006లో ఆ పేపర్ వచ్చింది. ఈ జీన్ చేసే పనిని ఆపేస్తే చాలు అని కంపెనీలు పరిగెత్తాయి, 2015కి ఇంజెక్షన్లు మార్కెట్లో ఉన్నాయి. జీన్ చదవడం ఒక రోజు పని అన్నా. ఆ మనిషికి తర్వాత 15 ఏళ్ళలో గుండెపోటు వచ్చిందా రాలేదా అని ఎవరో ఓపిగ్గా రాసిపెట్టుకోకపోయుంటే ఆ జీన్ చదివి లాభం ఏంటి? మీరు ఎగతాళి చేసిన ఆ బీపీ రాతే ఇక్కడ అసలు బంగారం.

దీంట్లో మనకొక పెద్ద లోటు ఉంది. ఇలాంటి జీన్ డేటాలో ఎక్కువ భాగం తెల్లవాళ్ళది. జబ్బు వచ్చే అవకాశం ఎంతో చెప్పడానికి వాళ్ళ మీద తయారైన రిస్క్ స్కోర్లు మనకి పెడితే కొలత తప్పుతుంది, వేరేవాళ్ళ కొలతలకి కుట్టిన షర్ట్ మనం వేసుకున్నట్టు. అందుకే జీనోమ్ ఇండియా అని 2020లో మొదలుపెట్టారు, 20 సంస్థలు, 10,000 మంది జీనోములు, అంటే ఒక్కొక్కరి మొత్తం జీన్ల చిట్టా, చదవాలని, దాన్ని ముందుండి నడిపింది కూడా మన బెంగళూరు బ్రెయిన్ రీసెర్చ్ సెంటరే. 2025 జనవరిలో డేటా ఫరీదాబాద్ సెంటర్ నుంచి రీసెర్చర్లకి తెరిచారు. ఇంకా దాన్ని చదివి అర్థం చెప్పే మనుషులు కావాలి, అది మీ అమ్మాయి లాంటివాళ్ళే.

ఇక ఏఐ. మీ ప్రశ్నల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అని ఉంది, 2006 నుంచి 2010 మధ్య 40 నుంచి 69 ఏళ్ళ వాళ్ళు 5 లక్షల మంది చేరారు. 5 లక్షలు అంటే అబ్బో అంటాం. కానీ వాళ్ళు ఉత్తరాలు రాసింది సుమారు 92 లక్షల మందికి, వచ్చింది 5.5 శాతం. ఎవరు వస్తారు చెప్పండి? కాస్త చదువుకున్నవాళ్ళు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు, సిగరెట్ తక్కువ తాగేవాళ్ళు. తాగుబోతు ఆ ఉత్తరం చించి పారేస్తాడు. ఈ డేటా ఏఐకి వేస్తే దేశం అంతా ఇంత ఆరోగ్యంగా ఉంది అని నేర్చుకుంటుంది, రానివాడి సంగతి దానికి తెలియదు, ఎవరూ చెప్పకపోతే తెలియదు కూడా. మన కోలారు పల్లెల్లో అయితే ఇంకో రకం. ఫాలోఅప్‌కి పోతే మనిషి ఇంట్లో ఉండడు, మామిడి కోతల టైమ్‌లో అందరూ తోటల్లో ఉంటారు, కొందరు కూలికి బెంగళూరు వచ్చేసుంటారు, ఒక అవ్వ "నాకేం రోగం, నా రక్తం ఎవరికి అమ్ముకుంటారు" అని తలుపేసుకుంటుంది. మతిమరుపు మొదలైన మనిషే మర్చిపోయి రాకపోవచ్చు, వాడి డేటానే మీకు అసలు కావాల్సింది. ఈ ఖాళీలు ఎందుకు వచ్చాయి, వాటిని లెక్కలో ఎలా సరిచేయాలి, ఎక్కడ సరిచేయలేమని ఒప్పుకోవాలి, ఇదే బయోస్టాటిస్టిషియన్ పని. కోడ్ ఏఐ రాస్తుంది, రాయనివ్వండి, మంచిదే. ఆ అవ్వ తలుపు ఎందుకు వేసుకుందో తెలిసినవాళ్ళు రాయించుకునే కోడ్ వేరేగా ఉంటుంది.

ఇంకో మాట, మీ పాపకి తెలుగు, కన్నడ రెండూ వచ్చు కదా. శ్రీనివాసపుర, ముళబాగిలు వైపు చాలా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. జ్ఞాపకశక్తి పరీక్ష అంటే బడికి పోయినవాళ్ళ కోసం తయారైన ప్రశ్నలు, బడి ముఖం చూడని మనిషిని అడిగితే మతి బాగున్నా మార్కులు పడవు. ఆ మనిషి సంతలో లెక్కలు నోటితో కట్టేస్తాడు, కాగితం మీద బొమ్మ గీయమంటే పెన్ను పట్టుకోవడం రాదు. ఇది పసిగట్టడానికి భాష కావాలి, సంగటి తిని పెరిగిన ఇల్లు కావాలి. ఏ కోర్సులోనూ ఇది నేర్పరు.

ఇంత పొగిడాను కదా, ఇప్పుడు చేదు కూడా మింగండి. ఈ ఫీల్డులో ఉద్యోగాలు ఎక్కువ భాగం ప్రాజెక్టు పోస్టులు. స్టడీ 30 ఏళ్ళది, మన ఆర్డర్ కాగితం ఏడాదిది, మహా అయితే మూడేళ్ళది. నేను ఈ కౌన్సిలింగ్‌లోకి రాకముందు చెన్నైలో ఒక ప్రాజెక్టులో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేశా, పేరు వద్దులెండి. రెండో ఏడు చివర్లో గ్రాంటు రెన్యూ కాలేదు, మూడు నెలలు జీతం లేకుండా చేయించారు, వస్తుంది వస్తుంది అంటా. చివరికి వచ్చింది, ఫుల్లుగా రాలేదు. దానికన్నా నన్ను బాధపెట్టింది ఏంటంటే మేం ఇల్లిల్లూ తిరిగి ఒప్పించిన జనం "మళ్ళీ ఎప్పుడొస్తారు సార్" అని ఫోన్ చేస్తే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. అందుకే ఎవరైనా ఈ లైన్ గురించి అడిగితే జీతం ఎంత అని అడగొద్దు, డబ్బు ఎవరు పెడుతున్నారు, ఎన్నేళ్ళకి ఖాయం అయింది, ఇంతకుముందు చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగమంటా.

జీతం కూడా చెప్పేస్తా, దాచేదేముంది. మొదట్లో ఆ అనలిటిక్స్ ఆఫర్ కన్నా తక్కువే ఉంటుంది. పీహెచ్‌డీ దారిలో పోతే జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకి ఇచ్చే జూనియర్ ఫెలోషిప్) స్టైపెండ్ 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. బెంగళూరులో అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బతుకుతుంది, పీజీ హాస్టల్లో ఉండేవాళ్ళకి బిగుతే.

ఇప్పుడు ఏం చదవాలి. నా ఓటు బయోస్టాటిస్టిక్స్‌కి, ఎంపీహెచ్‌కి (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) కాదు, కనీసం ఇప్పుడు కాదు. ఎంపీహెచ్ మంచి కోర్సే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ళ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉంది, కానీ అది డాక్టర్లకి ఎక్కువ ఉపయోగం, ఆల్రెడీ చేతిలో ఒక డిగ్రీ, ఒక పని ఉన్నవాళ్ళకి. స్టాట్స్ పిల్లకి స్టాట్సే బలం. వెల్లూరు సీఎంసీలో ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్ ఉంది, ముంబై ఐఐపీఎస్‌లో (జనాభా లెక్కల చదువుల సంస్థ) బయోస్టాటిస్టిక్స్ అండ్ డెమోగ్రఫీ ఉంది. జీన్ల వైపు మనసు లాగితే ఎలక్ట్రానిక్ సిటీలో ఐబ్యాబ్ అనే సంస్థ ఉంది, బయోఇన్ఫర్మాటిక్స్‌కి, అంటే జీన్ల డేటాని కంప్యూటర్‌తో చదవడానికి. బయోస్టాట్స్ ఎందుకంటున్నానంటే దీంట్లో వెనక్కి దారి ఉంది. రేపు గ్రాంటు ఆగినా, పాపకే విసుగొచ్చినా, ఫార్మా కంపెనీల క్లినికల్ ట్రయల్స్‌లో, ఇక్కడ బెంగళూరులో ఉన్న రియల్ వరల్డ్ ఎవిడెన్స్ (ట్రయల్స్ బయట మామూలు పేషెంట్ల డేటా చూసే) టీముల్లో అదే చదువు పనికొస్తుంది. లెక్కలకి వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ బాగా రావాలి, అలాంటిదే ఎస్ఏఎస్ కాస్త వచ్చినా చాలు, సర్వైవల్ అనాలిసిస్, అంటే జబ్బు ఎన్నాళ్ళకి వస్తుందో కట్టే లెక్క, మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

ఆఫర్ మాత్రం ఇప్పుడే వదిలేయనివ్వకండి, సీటు చేతికొచ్చేదాకా ఉంచుకోమనండి. ఈలోపు ఒక పని, ఫీజు కట్టేముందు. ఐఐపీఎస్ వాళ్ళ లాసీ (లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా) డేటా ఉంది, దేశం మొత్తంలో 45 దాటినవాళ్ళు 72,000 మంది మీద 2017-18లో చేసిన మొదటి రౌండు, అప్లై చేస్తే స్టూడెంట్లకీ ఇస్తారు. దాంట్లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని, మన ఆంధ్రా వాళ్ళ బీపీ కర్ణాటక వాళ్ళతో ఎలా ఉంది లాంటిది, సొంతంగా తేల్చమనండి. మొదటి నెల అంతా డేటా క్లీన్ చేయడంలోనే పోతుంది, ఒకడి వయసు తప్పుంటుంది, ఒకడి ఎత్తు రాయరు. ఆ నెల అయ్యాక కూడా కళ్ళల్లో ఆ మెరుపు ఉంటే చేర్పించండి. చిరాకు పడి ల్యాప్‌టాప్ మూసేస్తే ఆఫర్ లెటర్ ఉండనే ఉంది, తనకి నచ్చింది స్టడీ కాదు, ఆ పల్లెల్లో తిరగడం మాత్రమే అని అర్థం, అదీ తప్పు కాదు, వీకెండ్ పోయి రావచ్చు.

సంబంధాలకి ఏం చెప్పాలి అన్నారు. "షుగరు, మతిమరుపు ఎవరికొస్తాయో ముందే లెక్కలు కట్టే పని" అనండి. వెంటనే వాళ్ళింట్లో పెద్దాయన షుగర్ రిపోర్ట్ తీసి పాప చేతిలో పెడతాడు చూడండి, అదే పెళ్ళిచూపులు. తను డాక్టర్ కాదని గట్టిగా చెప్పాల్సిన పని మీ మీద పడుతుంది, ఈ కెరీర్‌లో ఆ గోల ఒకటుంది.

ఇంకొక్కటి. మీకు 45 దాటిందని మెసేజ్‌లో రాశారు కదా, పల్లె స్టడీతో పాటు అదే సెంటర్ వాళ్ళు బెంగళూరు సిటీ జనంతో కూడా టాటా లాంగిట్యూడినల్ స్టడీ అని నడుపుతున్నారు, 45 దాటినవాళ్ళకే. ఇప్పుడు కొత్తవాళ్ళని తీసుకుంటున్నారో లేదో పాపనే కనుక్కోమనండి. తీసుకుంటుంటే మీరే పోయి పేరివ్వండి, ఆ కన్సెంట్ ఫారం మొత్తం చదివి సంతకం పెట్టండి, మీ బీపీ కూడా ఎవరో ఒకరు రాసుకుంటారు. రాసుకునేవాళ్ళని అక్కడే అడగండి, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారమ్మా, ఆర్డర్ ఎన్నాళ్ళది అని. నాకన్నా వాళ్ళే కరెక్ట్‌గా చెప్తారు.